మా తాత దురద, నానమ్మ పుట్టింటి నలుపు

గోక్కోవడంలో మా తాతను మించినవాడు ఈ భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు, ఇకముందు పుడతాడన్న నమ్మకమూ నాకు లేదు. ఏనుగు చెట్టుకు ఒళ్ళు రాసుకోవడం మా తాతను చూసే నేర్చుకుంది. కోతులు గుంపులుగా వచ్చి ఆయన దగ్గర పాఠాలు చెప్పించుకుని వెళ్ళాయి. కుడిచేతిని ఎడమచేత్తో, ఎడమచేతిని కుడిచేత్తో, రెండూ ఖాళీ లేనప్పుడు కుర్చీ అంచుకేసి, అదీ అందకపోతే సొంత గడ్డానికేసి, ఆయన గోక్కున్నన్ని రకాలుగా గోక్కోవడం ఇంకెవరికైనా చేతనైతే వచ్చి చూపించమనండి. అలాంటివాడికి మా తాత సెలూనులో బతికినంతకాలం ఊరికే క్షవరం.

అయితే గోక్కోవడం ఆయన వృత్తి కాదు. వృత్తి క్షవరం. వీధి మలుపులో మందుల షాపుకీ, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుకీ నడుమ ఇరుక్కుని ఉంటుంది ఆయన సెలూను. ఒకటే కుర్చీ. ఎదురుగా పెద్ద అద్దం, అద్దానికి ఒక మూల బీట. గోడవారన పొడుగాటి బల్ల, దాని మీద అట్టలు ఊడిన పాత వారపత్రికలు. అద్దం పక్కన ఎర్రక్షరాల బోర్డు: 'ఇక్కడ రంగు వేయబడదు.' ఈ బోర్డును కాస్త గుర్తుపెట్టుకోండి.

తాతకు పని నేర్పింది వాళ్ళ నాన్న. కత్తి పట్టడం కంటే ముందు నోరు కట్టుకోవడం నేర్పాడట. కుర్చీలో కూర్చున్నవాడి తల సంగతి కుర్చీ దాటి పోకూడదు. ఎవరి నెత్తిన మచ్చ ఉందో, ఎవరి పిల్లలకు పేలున్నాయో, ఎవరిది సొంత జుట్టు కాదో తాతకు తెలియని తల ఆ చుట్టుపక్కల లేదు. ఒక్క ముక్కా బయటికి రాలేదు. పోస్టుమాస్టరు విగ్గు గాలికి ఎగిరిపోయి వీధంతా నోరెళ్ళబెట్టిన రోజున కూడా తాత దాన్ని తీసి దులిపి, "ఎవరిదో టోపీ పడిపోయినట్టుందే" అన్నాడు.

అలాంటి మనిషికి చేతుల జబ్బు పట్టుకుంది. కుడిచేతి బొటనవేలి కొసలో, చూపుడువేలి కొసలో మొదలైంది. ముందు దురద. ఆ తర్వాత ఆవగింజలంత నీటిపొక్కులు. పొక్కులు ఎండి పొట్టు లేచేది, పొట్టు కింద చర్మం పగిలేది, పగుళ్ళలోంచి నెత్తురు చిమ్మేది. కొన్నాళ్ళకు తగ్గేది. అమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ తయారయ్యేది. పోనుపోను అరచేతులకు, మణికట్లకు పాకింది. కత్తెర రింగులో వేలు దూర్చితే చాలు, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. సబ్బు నురగ తగిలితే పచ్చిపుండు మీద కారం చల్లినట్టుండేది. మందుల షాపువాడు ఇచ్చిన గొట్టాలన్నీ పిండుకున్నాడు. ఒక్కో గొట్టం కొన్నాళ్ళు మంచిగా ఉండి, తర్వాత మొహం చాటేసింది.

దీనికి మూలమేదో కనిపెట్టాలని తాత పంతం పట్టాడు. కొట్లో ఉన్న వస్తువులన్నిటినీ దొంగల్ని నిలబెట్టినట్టు వరసగా నిలబెట్టాడు. గడ్డం సబ్బు మార్చాడు. పటిక మానేశాడు. తళతళలాడే కత్తెర పోయి నల్లపిడి కత్తెర వచ్చింది. తువ్వాళ్ళు ఉతికే పొడి మారింది. కొన్నాళ్ళు పౌడరు మానేస్తే, మెడ మీద వెంట్రుకలు గుచ్చుకున్నవాళ్ళు తిట్టుకుంటూ పోయారు గానీ దురద మాత్రం పోలేదు.

నానమ్మది వేరే దారి. ఆమె దర్యాప్తు మొత్తం వంటింట్లో సాగింది. ముందు గుడ్డు మానిపించింది. తర్వాత చేప. తర్వాత వేరుశనగపప్పు. చివరికి వంకాయ మీద పడింది. వంకాయంటే తాతకు ప్రాణం. వంకాయ ఏ రూపంలో ఉన్నా, ఏ కంచంలో ఉన్నా ఆయన చెయ్యి దానంతటదే అటు వెళ్ళిపోతుంది.

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని గోకిస్తున్నది అదేనండీ" అంది నానమ్మ, చంపినవాడు దొరికినంత గట్టిగా.

"చేతులు నావి, దురద నాది. మధ్యలో వంకాయ ఏం చేసిందే పాపం?" అన్నాడు తాత.

"అదిగో, వెనకేసుకొస్తున్నారు చూడండి. అక్కడే తెలిసిపోతోంది."

నానమ్మకు వంకాయ మీద ఎంత నమ్మకమో, తన పుట్టింటి మీదా అంతే నమ్మకం. వాళ్ళ వంశంలో నెత్తిన తెల్ల వెంట్రుక మొలవదట. సాక్ష్యం ఆమె అన్నయ్య. ఆయన్ని ఇంట్లో మేమంతా మీసాల తాత అంటాం. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి, ఉద్యోగం దిగిపోయి చాలాకాలమైంది. అయినా జుట్టు కాకిరెక్కలా నిగనిగలాడుతూ ఉంటుంది. మీసం రెండువైపులా మెలి తిరిగి, బొగ్గుతో గీసినట్టుంటుంది.

"మా అన్నయ్యను చూడండి. ఈయనకంటే పెద్దవాడు. ఒక్కటంటే ఒక్కటి నెరిసిందా?" అనేది నానమ్మ, ఇంటికి ఎవరొచ్చినా. "నాకేమో ఈ ఇంట్లో కాలు పెట్టాకే నెరిసింది. ఈ ఇంటి నీళ్ళు అలాంటివి. అయినా ఈ మనిషితో వేగుతుంటే నెరవక ఏం చేస్తుంది?"

తాత తన బట్టతల తడుముకుని, "నిజమే, మీ వంశం మహా గట్టిది" అనేవాడు. అంతకుమించి ఏమీ అనేవాడు కాదు. అనగలిగి ఉంటే ఆ ఒక్క మాటతో ఇల్లు కూలిపోయేది.

ఎందుకంటే, కొట్టుకు వారానికొకరోజు సెలవు. ఆ రోజు పొద్దున్నే సామాన్లు తుడుచుకోవాలని తాత కొట్టుకు వెళ్ళేవాడు. షట్టరు నడుందాకా దించి ఉండేది. ఆ సందులోంచి వంగి, నడుం పట్టుకుని మూలుగుతూ మీసాల తాత లోపలికి దూరేవాడు. అప్పుడు తాత సరిగ్గా ఆ బోర్డు కిందే కూర్చుని గిన్నెలో నల్లరంగు కలిపేవాడు. జుట్టుకైతే కుంచె చాలు. మీసానికి కుంచె పనికిరాదు, పైపెదవికి కూడా మసి పూస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త రంగు అద్దుకుని, ఒక్కో పోగునూ ఒత్తుకుంటూ కొసదాకా లాగాలి. చేతికి తొడుగు వేసుకుంటే పోగు చిక్కదు.

మొదటి తెల్ల వెంట్రుక కనిపించిన రోజున మీసాల తాత ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. "బావా, ఇది చెల్లాయి కంట పడకూడదు. నా నెత్తిని చూపించి వీధంతా గొప్పలు చెప్పుకుంది. దాని మొహం ఎలా చూడను? ఏదో ఒకటి చెయ్యి. చేసి మర్చిపో" అన్నాడు. తాత మాట ఇచ్చాడు. బోర్డు కూడా అందుకే పెట్టాడు. కొట్లో రంగు పొట్లం ఒకటి కనబడితే, మీసాల తాత నలుపు ఏ వంశానిదో జనం ఇట్టే పోల్చుకుంటారు. ఏళ్ళ తరబడి వేళ్ళతో ఆ రంగు పూస్తున్నా ఏమీ కాలేదు కాబట్టి, తాతకు దాని మీద అనుమానమే రాలేదు. దొంగల వరసలో అన్నిటినీ నిలబెట్టాడు గానీ, రంగు గిన్నెను మాత్రం అలమరలోనే కూర్చోబెట్టాడు.

పైగా ఆ రంగు పూయించుకుంటూ మీసాల తాత కూడా దర్యాప్తులో చెయ్యి వేసేవాడు.

"బావా, నీకిది నీళ్ళవల్ల."

"ఆ మాట మీ చెల్లెలు నా బట్టతలకూ చెప్పింది. కదలకు, పెదవికి అంటుతుంది."

"అయితే కోపంవల్ల. నువ్వు అంతా లోపల దాచుకుంటావు. అదే చేతుల్లోంచి తన్నుకొస్తోంది."

"నేను దాచుకుంటున్నది కోపం కాదు బావా, నీ మీసం."

ఒకసారి మీసాల తాత కూతురింటికని వెళ్ళి చాన్నాళ్ళు అక్కడే ఉండిపోయాడు. టోపీ పెట్టుకుని, మఫ్లరు చుట్టుకుని వెళ్ళాడు, వాటితోనే తిరిగొచ్చాడు. ఆయన లేనన్నాళ్ళలో తాత చేతులు చంటిపిల్లవాడి చేతుల్లా మెత్తబడ్డాయి. సరిగ్గా అప్పుడే నానమ్మ వంకాయ మానిపించి ఉంది. ఇంకేముంది, వంకాయకు శిక్ష ఖాయమైపోయింది. మీసాల తాత తిరిగొచ్చాక పొక్కులూ తిరిగొచ్చాయి.

"ఎక్కడ తిన్నారు? నిజం చెప్పండి, ఎవరింట్లో తిన్నారు?" అని నానమ్మ ఆయన నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది.

ఇదంతా నవ్వులాటగా చెబుతున్నాను గానీ, తాతకు నవ్వొచ్చే రోజులు కావవి. నలుగురిలోకి వెళితే చేతులు చంకల్లో దాచుకునేవాడు. ఎవరైనా టీ గ్లాసు అందిస్తే, "అక్కడ పెట్టండి, తీసుకుంటాను" అనేవాడు. గరుకు తగులుతుందని మనవల బుగ్గలు కూడా ముట్టుకునేవాడు కాదు. మోచేత్తో పొడిచి ముద్దు చేసేవాడు.

కొట్లో బల్ల ఖాళీ అవుతూ వచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచి తాత దగ్గరే గడ్డం చేయించుకునే బ్యాంకు గుమాస్తా ఒకరోజు అద్దంలో ఆ వేళ్ళను చూసి, "ఇవాళ గడ్డం వద్దులేండి, జుట్టు ఒక్కటే" అన్నాడు. మరోరోజు ఒక తల్లి పిల్లాణ్ణి కుర్చీ దాకా తెచ్చి ఆగింది.

"అది అంటుకుంటుందా?"

"అంటుకోదమ్మా."

"అయినా సరేలెండి, మళ్ళీ వస్తాం."

రబ్బరు తొడుగులు వేసుకుని చూశాడు తాత. గడ్డం మెత్తనో బిరుసో, ఎటు తిరిగి ఉందో తెలిసేది వేలికొసలకే. తొడుగు వేళ్ళకు ఏమీ తెలియలేదు. కుట్టుమిషన్ల కొట్టాయన చెంప కోసుకుంది. ఆయన తువ్వాలు అదుముకుని, డబ్బులిచ్చి వెళ్ళాడు. కానీ ఆ రోజంతా తాత అన్నం ముట్టుకోలేదు.

మా నాన్న మెల్లగా అడిగాడు. "నాన్నా, కొట్టు అద్దెకిచ్చేద్దామా? ఫోన్లు బాగుచేసేవాడొకడు అడుగుతున్నాడు. నీకు మాత్రం ఎన్నాళ్ళీ యాతన?"

తాత చేతులకేసి చూసుకున్నాడు. "ఆ కుర్చీ తీసేస్తే పొద్దున్న లేచి నేనెక్కడికి వెళ్ళాలిరా?" అన్నాడు. ముందు ఒక పెద్ద డాక్టరమ్మకు చూపిద్దాం, ఆమె కూడా చేతులెత్తేస్తే కొట్టు ఇచ్చేద్దాం అని ఒప్పందం కుదిరింది.

చర్మాల డాక్టరమ్మ తీరుబడిగా అడిగింది. కొట్లో ఏమేం ముట్టుకుంటారు? తాత వరసగా చెప్పాడు. సబ్బు, పటిక, పౌడరు, కత్తెర, కత్తి, క్రీము, తువ్వాళ్ళు. పక్కనే నానమ్మ కూర్చుని ఉంది కాబట్టి అక్కడితో ఆపాడు. డాక్టరమ్మ ఆయన వీపు మీద చిన్న చిన్న గళ్ళలో, ఏది పడదో తేల్చడానికి రకరకాల పదార్థాలు పెట్టి పట్టీలు అతికించింది. రెండు రోజులు తడపకూడదు, చెమట పట్టకూడదు, గోకకూడదు. మూడోది చెప్పేసరికి తాత మొహం వాడిపోయింది.

ఆ రెండు రోజులూ నానమ్మ వీపుకు కాపలా కాసింది. తాత దువ్వెన పట్టుకుంటే లాక్కుంది. గుమ్మానికి ఆనుకుంటే, "గేదెలా రుద్దుకోకండి" అని ఇవతలికి లాగింది. పట్టీలు తీసిన రోజున గళ్ళన్నీ మామూలుగానే ఉన్నాయి. ఒక్క గడి మాత్రం ఎర్రగా ఉబ్బి, పొక్కులతో కందగడ్డలా కనిపించింది. మళ్ళీ రమ్మన్న రోజున వెళితే ఇంకా మండిపడుతోంది.

"దొరికింది" అంది డాక్టరమ్మ. "ఇది జుట్టుకేసే రంగుల్లో ఉంటుంది. మీకు రంగు పడదు."

నానమ్మ పకపకా నవ్వింది. "మా కొట్టు గోడ మీద బోర్డే ఉందమ్మా, రంగు వేయబడదని! ఈయన జన్మలో రంగు ముట్టుకోలేదు. వంకాయ గడి ఏదైనా ఉందేమో మళ్ళీ చూడండి."

డాక్టరమ్మ నవ్వలేదు. తాత వైపు చూసింది. తాత నేల వైపు చూశాడు.

"ఎన్నో ఏళ్ళు వాడాక కూడా ఒక్కసారిగా పడకపోవడం మొదలవుతుందండీ" అంది ఆమె నెమ్మదిగా. "ఇక ముట్టుకోకండి. తొడుగు వేసుకుని కూడా వద్దు. ముట్టుకున్నంతకాలం ఈ చేతులు మానవు. మీ ఇష్టం."

ఇంటికి వస్తున్నంతసేపూ నానమ్మ తాతకు రెండడుగుల ముందే నడిచింది. గుమ్మం దాటాక తలుపు వేసి అడిగింది. "ఎవరిదా జుట్టు?"

తాత చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

"మీ నెత్తి మీద రంగు వేసుకునేందుకు ఏమీ లేదు. నాది ముగ్గుబుట్టే. మరి ఎవరికి వేస్తున్నారు? ఆడమనిషా?"

"కాదు."

"అయితే ఎవరు?"

"చెప్పకూడదే. కొట్టు సంగతి."

అంతే, ఇల్లు మూగబోయింది. నానమ్మ కంచం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, మాట మాత్రం పెట్టేది కాదు. మర్నాటి నుంచి కూరగాయల బుట్ట, కత్తిపీట పట్టుకుని కొట్టుకొచ్చి బల్ల మీద కూర్చోవడం మొదలెట్టింది. బీన్సు ఈనెలు తీస్తూ వచ్చేపోయే తలలన్నీ పరీక్షించేది. ఎదురు మేడలో టైపు నేర్పే టీచరమ్మ కిటికీలో కనిపిస్తే, "ఆవిడ జుట్టు ఈ వయసులో అంత నల్లగా ఎందుకుందో ఇప్పుడర్థమవుతోంది" అంది, అందరికీ వినబడేలా.

ఇవేమీ తెలియని మీసాల తాత సెలవురోజున షట్టరు కింద నుంచి దూరాడు. అలమర తెరవకుండా తాత కుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు.

"బావా, ఇక నావల్ల కాదు. దొంగ దొరికాడు. నీ మీసంలో ఉన్నాడు."

డాక్టరమ్మ మాటలన్నీ విని మీసాల తాత బల్ల మీద చతికిలబడ్డాడు. "మరి ఇన్నాళ్ళూ... నీ చేతులు ఇలా చేసింది నేనా?"

"నువ్వు కాదులే, నీ నలుపు."

"చెల్లాయికి చెప్పావా?"

"చెబితే దాని నోరు ఇంతసేపు మూతబడి ఉంటుందా?"

మీసాల తాత అద్దంలో తన మీసం చూసుకున్నాడు. వచ్చిన సందులోంచే వంగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు కనిపించలేదు. జలుబన్నాడు, మోకాలన్నాడు. తాత రంగు ముట్టుకోలేదు, పొక్కులు ఎండుతూ వచ్చాయి. నానమ్మ మాత్రం ఎండుతున్న పొక్కులను చూసి, "ఆవిడెవరో రావడం మానేసినట్టుంది" అని గోడకు చెప్పింది. తాత ఆ మాటా మింగాడు. పోయిన బేరాలు తిరిగి రాకపోవడంతో, అద్దెకు అడిగినవాడు వచ్చి కొట్టు కొలతలు కూడా తీసుకెళ్ళాడు. ఇంటికి వెళ్ళినా మాట లేక, కొట్లో ఉన్నా మనుషుల్లేక, తాత ఒక్కో మధ్యాహ్నం కుర్చీని తుడిచిందే తుడుస్తూ గడిపేవాడు.

అప్పుడొచ్చాడు మీసాల తాత. కొట్టు కాస్త నిండుగా ఉన్న పొద్దుపూట, మొహానికి మఫ్లరు చుట్టుకుని, నెత్తిన టోపీతో, షట్టరు కిందుగా కాకుండా నిటారుగా నడిచొచ్చాడు. బ్యాంకు గుమాస్తా, కుట్టుమిషన్ల కొట్టాయన బల్ల మీద ఉన్నారు. వాళ్ళ పక్కన నానమ్మ బుట్టతో ఉంది. మీసాల తాత తిన్నగా వెళ్ళి కుర్చీలో కూర్చుని, మఫ్లరు విప్పి, టోపీ తీశాడు.

జుట్టు అడుగున వేలి మందం తెలుపు, పైన నలుపు. మీసమైతే మూలాల్లో మల్లెపూవు, కొసల్లో బొగ్గు.

"అన్నయ్యా!" నానమ్మ చేతిలో బీన్సు కిందపడింది. "ఇదేంటి, నెత్తిన సున్నం పడిందా?"

"పడలేదమ్మా, మొలిచింది" అన్నాడు మీసాల తాత అద్దంలో చెల్లెలిని చూస్తూ. "చాలా ఏళ్ళ కిందటే మొలిచింది. నువ్వు చిన్నబుచ్చుకుంటావని బావ చేత రంగు వేయించుకుంటూ వచ్చాను. నువ్వు వెతుకుతున్న ఆ ఆడమనిషిని నేనే."

కుట్టుమిషన్ల కొట్టాయన దగ్గబోయి ఆపుకున్నాడు.

"మన వంశం..." అంది నానమ్మ.

"మన నాన్నకు నీ పెళ్ళికి ముందే నెరిసిందే. ఎప్పుడూ గుండుతో ఉండేవాడు కాబట్టి నీకు తెలియలేదు. నీ జుట్టు నెరిసింది కూడా అక్కడి నుంచే. ఈ ఇంటి నీళ్ళ తప్పేమీ లేదు." తర్వాత తాతతో అన్నాడు, "బావా, తీసెయ్. నల్లదంతా తీసెయ్. మీసంతో సహా."

తాత నల్లపిడి కత్తెర అందుకున్నాడు. నానమ్మ ఆ చేతినే చూస్తోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, మీసం పోగు పట్టుకునే చోట, పగిలి మానిన పాత గీతలు. ఆమె అంతవరకు వాటికి మందు రాసిందే గానీ, అవి ఎక్కడ ఉన్నాయో చూడలేదు.

"ఏవండీ, మీకైనా బుద్ధుండొద్దా?" అంది చివరికి. "నేను అన్ని మాటలంటుంటే, ఒక్కసారి నోరు తెరవొద్దా?"

"మాటిచ్చాను కదే."

"మహా ఇచ్చారు!" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. బుట్టెత్తుకుని గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే అంది, "ఈ బీన్సు ఎవరికైనా ఇచ్చేస్తాను. ఇద్దరూ భోజనానికి రండి. వంకాయ."

అలాగని అంతా ఒక్కరోజులో మాయమైపోలేదు. తాత చేతులు మెల్లగా, అలిగిన మనిషి దారికొచ్చినట్టు దారికొచ్చాయి. బ్యాంకు గుమాస్తా ఒకరోజు కుర్చీలో వెనక్కి వాలి, "గడ్డం కూడా" అని కళ్ళు మూసుకున్నాడు. తాత సబ్బు నురగ పెడుతూ ఎందుకో రెండుసార్లు పెట్టాడు. అద్దెకు అడిగినవాడికి నాన్న వేరే కొట్టు చూపించాడు. అసలు దొంగ దొరికినా, నీళ్ళు, సబ్బు, చలిగాలి లాంటి చిల్లర దొంగలు ఎప్పటికీ ఉంటారని, ఆయన చర్మం తీరే అంత అని డాక్టరమ్మ చెప్పింది. చలి ముదిరితే ఇప్పటికీ వేళ్ళు పగులుతాయి. అప్పుడు ఇంట్లో చేతులకు మందు పట్టించి, తెల్లటి నూలు తొడుగులు వేసుకుని, ట్రాఫిక్ పోలీసులా తిరుగుతుంటాడు. మా బుగ్గలు మాత్రం పట్టుకుంటున్నాడు. ఆ వేళ్ళు గరుకుగానే ఉంటాయి.

మీసాల తాతకు తెల్లమీసం వచ్చింది. పిల్లి పాలు తాగి మూతి తుడుచుకోవడం మర్చిపోయినట్టుంటుంది. నానమ్మ ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళకు, అంత తెల్లటి తెలుపు మా వంశంలోనే వస్తుందని చెబుతోంది.

ఇంతవరకు రాసి తాతకు చదివి వినిపించాను. బడి ఎలాగూ నాకు అచ్చిరాలేదు, ఇక నుంచి కొట్లో నీ పక్కన నిలబడతాను, నాకూ కత్తెర నేర్పమని కూడా అడిగాను. తాత కుర్చీ చెయ్యికి మణికట్టు రుద్దుకుంటూ అంతా విన్నాడు.

"ఏనుగుకు నేనేమీ నేర్పలేదు" అన్నాడు. "నీకూ నేర్పను. పోస్టుమాస్టరు విగ్గు కూడా రాసేశావు కదే! నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఈ పనికి నువ్వు పనికిరావు, పోయి చదువుకో."